రాసింది చదవండి, వింటాం

(హైదరాబాద్ చిక్కడపల్లిలో, కథలు రాసేవాళ్ల నెలవారీ సమావేశంలో ఒక ఆదివారం మధ్యాహ్నం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఈ పక్క ఇంకా నాలుగు కుర్చీలు ఉన్నాయి. ఫ్యాన్ చప్పుడుకి నా మాట వినపడకపోతే చెయ్యి ఎత్తండి, మొహమాటం వద్దు. మనం ఇక్కడికి వచ్చేదే వినడానికి.

ముందు మన కబుర్లు చెబుతాను. తర్వాత రాబోయే వర్క్‌షాపుల సంగతి.

పోయిన వానాకాలంలో మనకి చోటు పోయిన విషయం పాతవాళ్లకి తెలుసు. ఆరేళ్లు ఒకే హాల్లో కూర్చున్నాం. ఒక ఆదివారం వెళ్లేసరికి తాళం వేసి ఉంది. ఇక నుంచి ఆదివారాలు ఫంక్షన్లకి ఇస్తున్నామని వాచ్‌మన్ చేత చెప్పించారు. ముందుగా ఒక్క ఫోన్ చేసి ఉంటే బాగుండేది. ఆ రోజు చాలా బాధపడ్డాను. అయినా ఎవరూ ఇంటికి వెళ్లలేదు. ఆ మెట్ల మీదే కూర్చుని ఒక కథ విన్నాం. మరుసటి నెల ఇందిరా పార్కులో చెట్టు కింద కలిశాం. కథ సగంలో ఉండగా వాన వచ్చింది. చదువుతున్న అమ్మాయి కాగితాలు చున్నీలో చుట్టేసుకుని, మిగతా సగం నోటితో చెప్పింది. ఆ రోజు అక్కడున్నవాళ్లు ఆ కథని ఇప్పటికీ వాక్యాలతో సహా గుర్తుచేస్తారు. తర్వాత నల్లకుంటలో ఒక మిత్రుడి ఇంటి డాబా మీద కొన్నాళ్లు నడిపాం. వాళ్లమ్మగారు ప్రతిసారీ అందరికీ టీ పెట్టి పంపేవారు. ఇప్పుడు ఈ గ్రంథాలయం వాళ్లు మేడమీది గది ఇచ్చారు. అద్దె అడగలేదు. వెళ్లేటప్పుడు ఊడ్చి, కిటికీలు మూసి, తాళం ఇచ్చి వెళ్తే చాలన్నారు. మనందరి తరఫున వాళ్లకి నమస్కారం.

ఇన్ని చోట్లు మారినా ఒక్క నెల కూడా సమావేశం తప్పలేదు. ఎందుకు ఇంత పట్టుదల అని మా ఇంట్లోవాళ్లే అడిగారు. నాకు తోచిన జవాబు చెబుతాను.

రామంతాపూర్ నుంచి వచ్చే అక్క ఒకరున్నారు. పాలు పోసే కేంద్రం నడుపుతారు. పదకొండేళ్లుగా పాల లెక్కల పుస్తకాల వెనక పేజీల్లో రాస్తున్నారు. మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఆ పుస్తకం సంచిలోనే ఉంది. బయటికి తీయలేదు. రెండో నెలా తీయలేదు. మూడో నెల పక్కన కూర్చున్న ఆవిడ "ఏం రాశారక్కా, చదవండి" అంటే అప్పుడు తీశారు. ఇన్నేళ్లూ ఎవరికీ ఎందుకు చూపించలేదని తర్వాత నేను అడిగాను. "ఎవ్వరు అడగలె గదా మేడం" అన్నారు.

ఆ మాట విన్నాక నాకు సురవరం ప్రతాపరెడ్డి గారు గుర్తొచ్చారు. 1926లో ఆయన గోలకొండ పత్రిక మొదలుపెట్టేనాటికి ఈ ఊళ్లో తెలుగుకి నిజాం సర్కారు కచేరీల్లో చోటు లేదు, బడుల్లో చోటు లేదు. చదువంతా ఉర్దూలో. అలాంటి రోజుల్లో, తెలంగాణలో కవులే లేరని ఒకరు రాశారు. ఆ మాటకి ఆయన ఇచ్చిన జవాబు చూడండి. మీ దగ్గర ఉన్నది పంపండి అని పత్రిక ద్వారా అడిగారు. ఊళ్ల నుంచి, పల్లెల నుంచి పద్యాలు వచ్చాయి. 1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది. అందులో 354 మంది కవులున్నారు. ఆ పిలుపు చూసి వాళ్లు కొత్తగా కవులు కాలేదు. అంతకు ముందే రాసుకుంటూ, పెట్టెల్లో దాచుకుంటూ ఉన్నారు. అడిగిన మనిషి దొరికేసరికి బయటికి వచ్చారు.

అంతకు ముందు కూడా ఈ ఊళ్లో పని ఇలాగే జరిగింది. 1901లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో, రామకోటిలో, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే గ్రంథాలయం మొదలైంది. చరిత్ర పరిశోధకులు కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా గారు తోడు నిలిచారు. సొంత ఇంట్లో చోటిచ్చి, తెలుగు చదివేవాళ్లని రండి అని పిలిచారు. సుల్తాన్ బజార్‌లో ఆ నిలయం ఇప్పటికీ ఉంది. రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల అనే ప్రచురణ సంస్థ పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊళ్లు తిరిగి అమ్మారు. వీళ్లతో మనల్ని పోల్చుకోను, అంత సాహసం నాకు లేదు. కానీ వాళ్లు చేసిన పనుల్లో చిన్న ముక్క ఒకటి మనకీ చేతనవుతుంది. రాసేవాళ్లని అడగడం, అడిగాక చివరిదాకా కూర్చుని వినడం. చోటు పోయినా నెల తప్పకుండా కలవాలని నేను పట్టుబట్టింది అందుకే. మనం ఒక నెల కలవకపోతే, ఆ నెల ఆ అక్కని అడిగేవాళ్లు ఉండరు.

కొత్తవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి మన పద్ధతి కూడా చెబుతాను. కథ రాసినవాళ్లు పైకి చదువుతారు. మొదటిసారి చదివేటప్పుడు వినేవాళ్ల చేతిలో పెన్ను ఉండకూడదు, ముందు కాగితం ఉండకూడదు. తప్పులు పట్టుకునే పని పెట్టుకుంటే చెవి సగమే పనిచేస్తుంది. చదవడం అయ్యాక ఒక్కొక్కరూ, తమకి గుర్తున్నది ఏమిటో చెప్పాలి. బాగుందా, బాగాలేదా అని అప్పుడే చెప్పకూడదు. "ఆ ఇనపపెట్టె గుర్తుంది. తమ్ముడి పేరు గుర్తులేదు. ఆవిడ ఊరు ఎందుకు వదిలిందో నాకు తెలియలేదు." ఇంతే. రాసినవాళ్లు ఆ కాసేపూ జవాబు చెప్పకూడదు. ఇది చాలా కష్టం. "అది అలా కాదండీ, అసలు నా ఉద్దేశం ఏమిటంటే" అని నోటిదాకా వస్తుంది. పత్రికలో చదివే మనిషికి ఆ ఉద్దేశం చెప్పడానికి మీరు పక్కన ఉండరు కదా. అందరికీ గుర్తున్నది ఏదో, ఎవరికీ గుర్తులేనిది ఏదో తెలిశాక, కథలో ఏది నిలబడిందో రాసినవాళ్లకే అర్థమవుతుంది. ఆ తర్వాతే కాగితాలు పంచుతాం, వాక్యాల్లోకి వెళ్తాం.

ఇక వర్క్‌షాపులు.

మొదటిది వచ్చే నెల రెండో ఆదివారం, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా. విషయం సంభాషణ. కథలో మనుషుల మాట. దీనికి ముందు వారం మీకు ఒక పని ఉంది. ఊళ్లో ఏదైనా సిటీ బస్సు ఎక్కి ఒక గంట ప్రయాణం చేయండి. 2023 డిసెంబర్ నుంచి మన ఆడవాళ్లకి బస్సులో టికెట్ డబ్బు లేదు, జీరో టికెట్ ఇస్తున్నారు. అప్పటి నుంచి బస్సుల్లో వినపడే మాటలే మారిపోయాయి. ఇంతకు ముందు ఇల్లు కదలని పెద్దవాళ్లు కూతుళ్ల ఇళ్లకి వెళ్తున్నారు, పూలు అమ్మేవాళ్లు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి మూటలతో ఎక్కుతున్నారు, కోచింగ్ సెంటర్ల పిల్లలు దిల్‌సుఖ్‌నగర్‌లో దిగుతున్నారు. వినండి. ఫోన్లో రికార్డు చేయవద్దు. అది దొంగతనం కిందే లెక్క అని నా అభిప్రాయం. చెవితో విని, దిగాక గుర్తున్నంత వరకు రాయండి. పేర్లు, ఇంటి గుట్లు వదిలేయండి. మాట ఎలా మొదలైంది, ఎక్కడ తెగింది, ఎవరు ఎవరిని ఏమని పిలిచారు, అది కావాలి మనకి.

ఈ వర్క్‌షాప్ ఎందుకు ముందు పెట్టామో చెబుతాను. పోయిన ఏడాది ఇక్కడ చదివిన కథల్లో ఎక్కువ దెబ్బతిన్నది సంభాషణ దగ్గరే. బోరబండలో సెంట్రింగ్ పని చేసే కుటుంబం మీద ఒక తమ్ముడు కథ రాశాడు. మొదటి ప్రతిలో తల్లి కొడుకుతో "నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు నాయనా, భోజనం చేసి వెళ్లు" అంటుంది. ఆ తల్లి అలా మాట్లాడదని వినేవాళ్లందరికీ అనిపించింది. రెండో ప్రతిలో యాస మొత్తం దించాడు. ప్రతి మాటా విరిచి, ప్రతి అక్షరం పలికినట్టే రాసేసరికి, చదివే తనకే నాలుక మడతపడింది. మూడో ప్రతిలో "ఏడికి రా? తిని వో" అని రాశాడు. నాలుగు మాటలు. తల్లి కళ్లముందు కనపడింది.

మన భాషలో యాస ఎక్కువగా క్రియ చివర ఉంటుంది. వచ్చాడు, వచ్చిండు, వచ్చినాడు అనే మూడు మాటల్లో ఏది వాడారో చూస్తే చాలు, మనిషి కృష్ణా తీరం నుంచి వచ్చాడా, తెలంగాణవాడా, సీమవాడా అని తెలుస్తుంది. అందుకని వాక్యంలో ప్రతి మాటనీ వంచక్కర్లేదు. క్రియని సరిగ్గా పట్టుకుని, ఆ ఊరి మాట ఒకటో రెండో ఉంచితే, మిగతాది చదివేవాళ్ల చెవే పూరించుకుంటుంది.

ఇంకో సంగతి నాకు చాలా ముఖ్యం. యాస ఎవరికి ఇస్తున్నాం? చాలా ఏళ్లు మన సినిమాల్లో హీరోది ఒక తెలుగు, రౌడీది, పనివాడిది ఇంకో తెలుగు. తెలంగాణ మాట వినపడితే నవ్వాలి అన్నట్టు చేశారు. కథల్లో కూడా అది పాకింది. నేనూ చేశాను ఆ తప్పు. మాది గుంటూరు వైపు. బ్యాంకు ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి ముప్పై ఏళ్లయింది. నా మొదటి కథల్లో ఒకదాంట్లో మేనేజరు, అటెండరు ఉన్నారు. ఇద్దరిదీ నల్గొండ జిల్లానే. మేనేజరుకి పుస్తకాల తెలుగు ఇచ్చి, అటెండరుకి యాస ఇచ్చాను. జనగామ నుంచి వచ్చే ఒక మాస్టారు అంతా విని, నెమ్మదిగా "మేడం, ఆ సారుది గూడ అదే జిల్లా గదా. ఇంటికి వోయినంక వాళ్ల అమ్మతోని ఎట్ల మాట్లాడతడు?" అని అడిగారు. నాకు చెమటలు పట్టాయి. ఆ రాత్రి కూర్చుని మేనేజరు తల్లితో ఫోన్లో మాట్లాడే ఒక చిన్న సన్నివేశం రాశాను. కథ అక్కడే మొదలైందని రాస్తుండగానే తెలిసింది. అంతకు ముందున్న ఆరు పేజీలూ తీసేశాను. ఆ మాస్టారు ఇవాళ రాలేదు. వర్క్‌షాప్‌లో మధ్యాహ్నం భాగం ఆయనే నడుపుతారు.

ఆ రోజు చేసే అభ్యాసం ఒకటి ఇప్పుడే చెబుతాను, ఇంట్లో ప్రయత్నించండి. ఇద్దరు మనుషులు మాట్లాడుకునే పేజీ ఒకటి రాయండి. అన్నాడు, అన్నది, పేర్లు అన్నీ తీసేయండి. ఇంకొకరికి ఇచ్చి చదివించండి. ఏ మాట ఎవరిదో వాళ్లు చెప్పగలగాలి. తెలుగులో దీనికి మనకి పెద్ద ఆధారం ఉంది. నువ్వు, మీరు, తమరు. అన్నా, భయ్యా, సార్, బావా, ఏమండీ. పిలుపుతోనే వరస తెలుస్తుంది, వయసు తెలుస్తుంది, కోపం కూడా తెలుస్తుంది. రోజూ తమ్ముడిని నువ్వు అనే అక్క ఒక రోజు "మీరు కూర్చోండి" అన్నదంటే, ఆస్తి పంపకాల గొడవ గురించి మీరు ఇంకో పేరా రాయనవసరం లేదు.

రెండో వర్క్‌షాప్ ఆ తర్వాతి నెల. తిరగరాత మీద. దీనికి వచ్చేవాళ్లకి ఒకటే షరతు. తెచ్చే కథ కనీసం నెల రోజుల కిందట రాసి పక్కన పెట్టినదై ఉండాలి. నిన్న రాత్రి పూర్తి చేసిన కథ వేడిగా ఉంటుంది, ముట్టుకుంటే రాసినవాళ్లకి కాలుతుంది. నెల గడిస్తే దాన్ని వేరే మనిషి రాసినట్టు చూడగలుగుతాం.

అక్కడ మీ కథ మీరు చదవరు. పక్కవాళ్లు చదువుతారు. మొదటిసారి చూస్తున్న మనిషి గొంతు ఎక్కడ తడబడితే, అక్కడ పెన్సిల్‌తో ఒక గీత పెట్టుకోండి. వాక్యం అక్కడ సరిగా లేదన్నమాట. మనవాళ్ల రాతల్లో ఈ తడబాటు ఎక్కువగా ఒక రకం వాక్యం దగ్గర వస్తుంది. "లేచి, మొహం కడుక్కుని, టీ పెట్టుకుని, పేపరు తీసి, చూసి, ఉలిక్కిపడ్డాడు." తెలుగు ఈ చి, ని, సి లతో ఎంత దూరమైనా సాగుతుంది, అది భాషకున్న గొప్ప సౌకర్యం. కానీ ఆ ఉలికిపాటు దగ్గరికి చేరేసరికి చదివేవాళ్లకి ఊపిరి అయిపోతుంది. పేపరు దగ్గర ఆపండి. ఉలిక్కిపడడానికి ఒక వాక్యం సొంతంగా ఇవ్వండి.

ఎత్తుగడ గురించి, ముగింపు గురించి ఆ రోజు చాలా చర్చ ఉంటుంది కాబట్టి ఇప్పుడు ఎక్కువ చెప్పను. తూర్పున సూర్యుడు ఉదయించడంతో మొదలయ్యే కథలు మాత్రం ఈ ఏడాది తగ్గించండి. పోటీల కోసమని చివరి వాక్యంలో మెరుపు పెట్టడం కూడా తగ్గించండి. మెరుపు కోసం ఒక్కోసారి కథలో మనుషుల్ని చంపేస్తున్నాం. నాకది నచ్చదు.

పోటీల మాట వచ్చింది కాబట్టి, ఉగాదికి, దీపావళికి పత్రికల్లో పోటీలు పడతాయి. హామీపత్రం రాసేటప్పుడు జాగ్రత్త. ఈ కథ నా సొంతం, అనువాదం గానీ అనుసరణ గానీ కాదు, ఇంకే పత్రిక పరిశీలనలోనూ లేదు అని మనం సంతకం పెడుతున్నాం. ఒకే కథని రెండు చోట్లకి పంపి, రెండు చోట్లా అచ్చయితే, ఆ తర్వాత ఆ ఎడిటర్లు మీ పేరు చూడగానే కవరు పక్కన పెడతారు. జవాబు రావడానికి నెలలు పడుతుంది, నాకు తెలుసు. ఆ నెలల్లో ఇంకో కథ రాయండి.

మూడోది పుస్తకం పని. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ నేను దెబ్బతిన్నాను.

నాలుగేళ్ల కిందట నా కథల పుస్తకం వేసుకున్నాను. పి.ఎఫ్. డబ్బులో కొంత తీసి 500 కాపీలు వేయించాను. కథలన్నీ యూనికోడ్‌లో టైపు చేసి ఇచ్చాను. డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కట్టే పని, చేసినవాళ్లు దాన్ని తమ ఫాంట్లలోకి మార్చుకున్నారు. మన అచ్చు పని చాలావరకు అను అనే పాత రకం ఫాంట్లతో అలవాటుపడి ఉంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరానికి ప్రపంచమంతా ఒకే సంకేతం ఉంటుంది. 1991లో వచ్చిన మొదటి ప్రమాణంలోనే తెలుగుకి చోటు దొరికింది. పాత ఫాంట్ల పద్ధతి అది కాదు. అక్షరం, ఒత్తు, గుణింతం ముక్కలు ముక్కలుగా, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గీతలు కనిపిస్తాయి. ఒక పద్ధతిలోంచి ఇంకో పద్ధతిలోకి మార్చేటప్పుడు ఒత్తులు జారిపోవచ్చు, ఒక గుణింతం ఇంకో గుణింతం కావచ్చు. నా పుస్తకంలో అదే జరిగింది. ప్రూఫులు నాకు ఒక్కసారే చూపించారు. ఆవిష్కరణ సభ తేదీ దగ్గరపడింది, టెన్షన్‌లో నేనూ సరిగా చూడలేదు. పుస్తకం చేతికి వచ్చాక తెరిస్తే, మా అమ్మ మీద రాసిన కథలో "అమ్మ" అన్న చోట కొన్నిచోట్ల "అమ" అని ఉంది. ఎన్ని చోట్లో లెక్కపెట్టలేకపోయాను. సభ జరిగింది, శాలువా కప్పారు, నేను మాట్లాడలేకపోయాను. ఇంటికి వచ్చి, నల్ల పెన్నుతో ఒక్కో కాపీలో ఒక్కో ఒత్తు పెట్టడం మొదలుపెట్టాను. మీలో కొంతమంది వచ్చి, వారాంతాల్లో కూర్చుని, నాతోపాటు దిద్దారు. ఆ సాయం నేను మరిచిపోను.

అందుకని ఈ వర్క్‌షాప్‌కి ఒక డీటీపీ ఆపరేటర్ తమ్ముడిని పిలిచాం. పేజీలు ఎలా కడతారు, మార్చిన ఫైలులో ఏ అక్షరాలు ముందు చూసుకోవాలి, ప్రింటుకి ముందు ఏం అడగాలి, అన్నీ చూపిస్తాడు. ప్రూఫులు చూసే పద్ధతి మాత్రం మన దగ్గరే ఉంది. ఇద్దరు కూర్చోవాలి. ఒకరు మీరు రాసిన ప్రతిని పైకి చదవాలి, కామాలు, ఫుల్‌స్టాపులతో సహా. ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టుకుని చూడాలి. రాసిన మనిషి ఒక్కరే చూస్తే, కళ్లు అక్కడ ఉన్నది చూడవు, ఉండాల్సింది చూస్తాయి. ప్రూఫు చూసేది ఎప్పుడూ రాసినవాళ్లు కాకూడదు. మీకు పుస్తకం వస్తుందంటే చెప్పండి, మనలో ఇద్దరు వచ్చి కూర్చుంటారు. ఇది ఈ ఏడాది నుంచి మన బృందం బాధ్యత అని మొన్న అందరం అనుకున్నాం.

పుస్తకం గురించి అందరూ అడిగే రెండు మూడు ప్రశ్నలకి ఇక్కడే జవాబు చెప్పేస్తాను. ఐఎస్‌బిఎన్‌కి, అంటే పుస్తకం మీద వేసే గుర్తింపు సంఖ్యకి, మన దేశంలో డబ్బు కట్టక్కర్లేదు. రాజా రామమోహన్ రాయ్ పేరున్న జాతీయ సంస్థ ఇస్తుంది, రచయితే సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. దాని కోసం మీ దగ్గర ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి. కాపీరైట్ కోసం కూడా భయపడకండి. 1957 చట్టం ప్రకారం, మీరు రాసిన క్షణం నుంచే అది మీది. రిజిస్టర్ చేసుకోవడం మీ ఇష్టం. మీరున్నన్నాళ్లూ, మీ తర్వాత ఇంకో 60 ఏళ్లూ ఆ హక్కు ఉంటుంది. ఇక పుస్తకం అచ్చయితే ఒక కాపీ కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. చెన్నై కన్నెమరా లైబ్రరీ కూడా ఆ చట్టం కిందకి వస్తుంది. సొంతంగా పుస్తకం వేసుకున్నవాళ్లలో చాలామంది ఇది చేయరు. చేయండి. మన ఇంట్లో అటక మీద కట్టలు చెదలు పట్టినా, అక్కడ ఒక కాపీ ఉంటుంది. యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా వెతికితే దొరకాలి కదా.

వెతికితే దొరకడం చిన్న విషయం కాదు. తెలుగులో మొదటి ఆధునిక కథ 1910లో గురజాడ రాసిన దిద్దుబాటు అని మేం చదువుకున్నాం. తర్వాత పరిశోధకులు పాత పత్రికలు తిరగేసి, అంతకు ముందే 1902లో భండారు అచ్చమాంబ కథలు రాసిందని చూపించారు. ఆవిడ కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్క. ఆ పత్రికల సంచికలు ఎవరో దాచి ఉంచారు కాబట్టి ఆ పేరు మళ్లీ పైకి వచ్చింది. డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ పెట్టే రోజుల్లో మనకి వర్క్‌షాప్ ఉండదు. ఆ నెల అందరం కలిసి ఒక పూట భాషా నిలయంలో పాత పుస్తకాలు చూస్తాం, అక్కడి నుంచి బుక్ ఫెయిర్‌కి వెళ్తాం.

చివరిగా ఒక కొత్త ప్రయత్నం. ఇది నా మనసుకి చాలా దగ్గరైనది.

మన ఊళ్లో ఇంగ్లీషు మీడియంలో చదివి, తెలుగు బాగా మాట్లాడుతూ, తెలుగు అక్షరాలు రాయలేని పిల్లలు ఇంటింటా ఉన్నారు. చదవమంటే కూడబలుక్కుంటారు. మొన్న వేసవిలో మాదాపూర్‌లో పనిచేసే ఒక అమ్మాయి వచ్చింది. "ఆంటీ, నాకు ఒక కథ ఉంది, కానీ రాయడం రాదు, నేను ఇక్కడ కూర్చోవచ్చా?" అని తలుపు దగ్గరే నిలబడి అడిగింది. మన దగ్గరికి వచ్చే రిటైర్డ్ తెలుగు టీచర్ గారు ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు చెప్పమ్మా, నేను రాస్తాను" అన్నారు. వాళ్ల నానమ్మ సిద్దిపేట నుంచి మొదటిసారి లిఫ్ట్ ఉన్న ఫ్లాటుకి వచ్చి, లిఫ్ట్ ఎక్కనని ఎనిమిది అంతస్తులు నడిచిన కథ. టీచర్ గారు ఒక్క మాట మార్చకుండా రాశారు. తర్వాత ఆ అమ్మాయికి తను చెప్పిన మాటలే చూపించి చదివించారు. తను చెప్పిన మాటలే కాబట్టి అక్షరాలు తొందరగా పట్టుబడ్డాయి. ఇప్పుడు వాళ్ల నానమ్మకి తెలుగులో వాట్సాప్ పెడుతోంది.

అందుకని ప్రతి నెలా నాలుగో ఆదివారం, సాయంత్రం రెండు గంటలు, చెప్పే కథలకి పెడుతున్నాం. రాయడం వచ్చినవాళ్లు ఒకరు, చెప్పేవాళ్లు ఒకరు, జంటగా కూర్చుంటారు. తెలుగు అక్షరాలు రానివాళ్లు, బడికి వెళ్లే అవకాశం లేని పెద్దవాళ్లు, ఉర్దూ ఇంటి మాటగా ఉండి తెలుగులో చెప్పాలనుకునేవాళ్లు, ఎవరైనా రావచ్చు. ఫోన్లో మాట్లాడితే టైపయ్యే సదుపాయం ఉంది కదా అంటారు. ఉంది, వాడుకోండి. కానీ ఫోను మధ్యలో "అప్పుడు మీ నానమ్మ ఏమన్నది?" అని అడగదు. ఆ ఒక్క ప్రశ్నతో కథ ఇంకో పేజీ ముందుకి నడుస్తుంది. రాసిపెట్టడానికి మనుషులు కావాలి. ఇప్పటికి ఆరుగురు పేరు ఇచ్చారు. ఇంకో ఆరుగురు కావాలి. చేతిరాత బాగుండక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

పేర్లు రాసే పుస్తకం తలుపు పక్కన బల్ల మీద ఉంది. ఏ వర్క్‌షాప్‌కి వస్తారో దాని కింద పేరు రాయండి. ఫీజు లేదు. మధ్యాహ్నం భోజనం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి, టీ మాత్రం మనం పెడతాం. ఇరవై అయిదు మందికి మించి తీసుకోలేం, అంతకు మించితే అందరివీ వినడం కుదరదు. మిగిలినవాళ్లకి మళ్లీ పెడతాం.

ఇంక కథలోకి వెళ్దాం. రామంతాపూర్ అక్క ఇవాళ చదువుతున్నారు. ఇదే కథ ఇక్కడ మూడోసారి. మొదటిసారి విన్నప్పుడు మనందరికీ గుర్తున్నది ఆ గేదె ఒక్కటే. రెండోసారి ఆవిడ ఆ కోడలిని తీసుకొచ్చారు. ఈసారి ఏం మార్చారో నాకూ చెప్పలేదు. పెన్నులు కింద పెట్టండి. కాగితాలు బోర్లించండి. ఆ కిటికీ తలుపు కొంచెం వేస్తారా, బండ్ల చప్పుడు ఎక్కువగా ఉంది. అక్కా, రండి, ఇటు కూర్చోండి. మీరు మొదలుపెట్టండి.